మూతపడని రెప్ప, పది గురిగింజల బంగారము

కాలమును కొలుచుటకు మన పూర్వులు గ్రహించిన మొదటి మానము గడియయు గాదు, విఘడియయు గాదు, రెప్పపాటు. దానికే నిమేషమని పేరు. నిమేషములు కూడి కాష్ఠయు, కాష్ఠలు కూడి కళయు, కళలు కూడి ముహూర్తమును అగునని మనము బాల్యముననే చదువుకొంటిమి. రెప్పపాటు లేనివారు దేవతలు. కావుననే వారికి అనిమిషులని పేరు వచ్చినది. దమయంతీ స్వయంవరమున నలుని రూపము దాల్చి కూర్చున్న దేవతలను ఆ రాజపుత్రి పోల్చుకొనిన గుర్తులలో రెప్ప వాల్పకుండుట యొకటి. అయితే దేవతలకు భూషణమైన ఆ లక్షణమే మనుష్యునకు ప్రాప్తించినచో అది భూషణము గాదు, విపత్తు. రెప్ప వాలని మానవుని కన్ను క్రమముగా ఎండి, పుండుపడి, తుదకు చూపు గోల్పోవును.

ముఖమునకు పక్షవాతము తగిలి రెప్ప మూతపడనివానికి ఆ రెప్పను మరల వాల్చు ఉపాయము మానవునకెట్లు దొరకినదో, ఆ చరిత్రను నేడు మీతో ముచ్చటింపదలచితిని. ఇది రాజుల చరిత్ర గాదు, యుద్ధముల చరిత్రయు గాదు. సుశ్రుతాచార్యుడు అసాధ్యమని చెప్పిన ఒక వ్యాధి, పెక్కు దేశముల వైద్యుల చేతులు మారి, సాధ్యముల వరుసలోనికి వచ్చిన చరిత్ర. అందు మన తెలంగాణమునకును, హైదరాబాదు నడిబొడ్డున నున్న అమీరుపేట, పంజగుట్ట ప్రాంతమునకును సంబంధము గలదు.

మొదట కన్నెట్లు మూతపడునో తెలిసికొందము. కన్ను తెరచుటకు ఒక కండరము, మూయుటకు మఱియొక కండరము గలవు. పై రెప్పను పైకెత్తు కండరమునకు మెదడునుండి వచ్చు మూడవ నాడి ఆజ్ఞ నిచ్చును. కంటిచుట్టు వలయముగా నుండి రెప్పలను దగ్గరకు చేర్చు కండరమునకు ఏడవ నాడి ఆజ్ఞ నిచ్చును. ఈ యేడవదానికే ముఖనాడి యని పేరు. నవ్వుట, నుదురు ముడుచుట, ఊదుట, పుక్కిలించుట మొదలగు ముఖచేష్ట లన్నియు దీని యధీనమున నున్నవి. ఇది చెవి వెనుక ఎముకలో ఇరుకైన దారిని నడచి వెలికి వచ్చును. ఆ దారిలో నాడి వాచినను, చెవిలో చీము పట్టి ఎముక చెడినను, బండిమీదనుండి పడి తల యెముక చిట్లినను, లోన కంతి పెరిగి నొక్కినను, కుష్ఠు సోకి నాడికొమ్మ చెడినను ముఖము ఒకవైపు వ్రేలాడబడును.

ఇచ్చట గమనింపదగిన విశేష మొకటి గలదు. ముఖనాడి చెడినను, రెప్పనెత్తు మూడవ నాడి చెక్కుచెదరకుండును. అనగా తలుపు తీయువాడు బాగుగనే యున్నాడు; మూయువాడు మాత్రము పడిపోయినాడు. ఇక తలుపు తెరచియే యుండును గదా. మనము ఒక నిమిషమున సుమారు పదునైదు మారులు రెప్పలార్పుదుము. ఒక్కొక్క రెప్పపాటున కన్నీరు పలుచని పొరయై నల్లగ్రుడ్డు మీద పరచుకొనును. అలికిన నేల తడియారకుండ మరల మరల అలుకుచుండుట వంటిది ఈ పని. అలుకుట మానినచో నేల బీటలు వారినట్లు, రెప్ప వాలనిచో నల్లగ్రుడ్డుపై నున్న అద్దమువంటి పొర ఎండి గీతలు పడును. ఆ పొరనే నేటి వైద్యులు కార్నియా యందురు. దుమ్ము పడి, పుండు లేచి, అది మానినను తెల్లని పువ్వు నిలిచి వెలుగును అడ్డగించును.

మన ప్రాచీనులు ఈ వ్యాధి నెఱుగనివారు గారు. ముఖము వంకరపోవు వాతవ్యాధికి అర్దితమని ఆయుర్వేదమున పేరు. సుశ్రుతసంహితయందలి ఉత్తరతంత్రమున 76 నేత్రరోగములు చెప్పబడినవి. వానిలో రెప్పకు సంబంధించినవి ప్రత్యేకముగా విభజింపబడినవి. వర్త్మ మనగా రెప్ప. ఆ రెప్ప రోగములలో వాతహతవర్త్మ మను నొకటి గలదు. రెప్పల సంధి వీడి, కదలిక లేక, కన్ను మూతపడకుండుట దాని లక్షణమనియు, అందు నొప్పి యుండవచ్చును, లేకపోవచ్చును అనియు ఆచార్యుడు వ్రాసినాడు. నేటి వైద్యశాస్త్రము చెప్పు రోగమునకు ఇంతకన్న క్లుప్తమైన వర్ణనము దుర్లభము. అయితే వాతమువలన గలుగు నేత్రరోగములలో చికిత్సకు లొంగనివి నాలుగని చెప్పి, ఆ నాలుగింట దీనిని చేర్చినాడు. శస్త్రవిద్యలో అంతటివాడు అసాధ్యమని యొప్పుకొనుటకు వెనుదీయలేదు. వైద్యుడు తన చేతి హద్దును ఎఱిగి చెప్పుట రోగికి చేయు ఉపకారములలో నొకటి.

గ్రీకులు ఈ స్థితికి కుందేటికన్ను అను అర్థముగల పేరు పెట్టిరి. కుందేలు కన్ను తెరచియే నిద్రించునని వారి నమ్మకము. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున రోమునగరపు సెల్సస్ అను గ్రంథకర్త తన లాటిను వైద్యగ్రంథమున ఆ గ్రీకు పేరునే వాడినాడు. పారసీక దేశపు మహావైద్యుడు అల్‌రాజీ, 9, 10 శతాబ్దుల నడుమ జీవించినవాడు, ముఖము వంకరపోవు వ్యాధిని గూర్చి విరివిగా వ్రాసినాడు. యునానీ వైద్యమున దానికి లఖ్వా యని పేరు. హైదరాబాదు వీథులలో నేటికిని ఉర్దూ మాటలాడువారు ఈ వ్యాధిని ఆ పేరుతోనే పిలుచుచున్నారు. సంస్కృత గ్రంథమున అర్దితము, యునానీ గ్రంథమున లఖ్వా, పల్లెలలో మూతివంకర. పేర్లు మూడైనను బాధ యొక్కటియే.

ఏ నాడి చెడుటవలన ముఖము వంకరపోవునో నిశ్చయముగా చూపినవాడు చార్లెస్ బెల్ అను స్కాట్లండు దేశపు శస్త్రవైద్యుడు. అతడు 1821 లో లండనులోని రాయల్ సొసైటీ యెదుట నాడులను గూర్చి ఒక వ్యాసము చదివి, ముఖమునకు స్పర్శ నిచ్చు నాడి వేఱు, చలనము నిచ్చు నాడి వేఱు అని వివరించెను. స్పష్టమైన కారణము కనబడక, హఠాత్తుగా వచ్చు ముఖపక్షవాతమునకు నేటికిని బెల్ పేరే నిలిచియున్నది. ఆయన కనుగొన్న మఱియొక సంగతియు మనము మెచ్చదగినది. మనము కన్ను మూయుటకు యత్నించునపుడు గ్రుడ్డు తనంతట తాను పైకి తిరుగును. రెప్ప వాలనివానిలో కూడ ఇది జరుగును. అందుచే నిద్రలో తెల్లగ్రుడ్డు మాత్రమే కనబడి, నల్లగ్రుడ్డు పై రెప్ప చాటున కొంత దాగి రక్షణ పొందును. ఈ చలనము సరిగా లేనివారికి అపాయము మిక్కిలి యెక్కువ.

నేను పల్లెబడిలో పనిచేయు కాలమున మా వీథిలో ఒక కుమ్మరి యుండెను. ఒక శీతకాలపు ఉదయమున అతని మూతి ఒకవైపునకు లాగుకొనిపోయెను. ఇంటివారు చెంపకు వాతలు పెట్టించిరి, పసరు పోయించిరి, పావురపు నెత్తురు పూసిరి. మూతిని గూర్చియే అందఱు దిగులుపడిరి గాని కంటిని గూర్చి తలచినవాడు లేడు. అతడు సారె త్రిప్పునపుడు ఎగురు ధూళి మూయని కంటిలో పడుచుండెను. కొన్ని నెలలకు మూతి కొంత సరిపడినది, కన్ను మాత్రము పూవు వేసినది. ఆ తరువాత అతడు చేసిన కుండ అంచులు సమముగా వచ్చినవో లేవో వ్రేలితో తడవి తెలిసికొనుట నేను చూచితిని. ఆ కన్ను పోవలసినది కాదు. రాత్రి పట్టీ వేసి, పగలు చుక్కలు వేసిన నిలిచియుండెడిదేమో.

ఇక చికిత్సల చరిత్రకు వత్తము. పూర్వము ఐరోపా శస్త్రవైద్యులకు తోచిన మొదటి ఉపాయము రెప్పల అంచులను కొంతమేర కలిపి కుట్టివేయుట. వాకిలికి తలుపు లేనప్పుడు సగము గోడ కట్టినట్లన్నమాట. గ్రుడ్డు నిలుచును; కాని చూపు ఇఱుకగును, ముఖము వికారమగును. అయినను ప్రమాదము ముంచుకొనివచ్చినప్పుడు నేటికిని ఈ పద్ధతి పనికివచ్చుచున్నది. 1884 లో వియన్నా నగరమున కార్ల్ కోలర్ అను యువవైద్యుడు కొకెయిన్ చుక్కలతో కంటికి మాత్రము తిమ్మిరి గలిగింపవచ్చునని చూపెను. నాటినుండి రోగి మేలుకొనియుండగనే కంటికిని రెప్పకును శస్త్రము చేయు మార్గము తెరువబడినది.

రెండవ ఉపాయము, చచ్చిన కండరము పనిని బ్రతికియున్న కండరమునకు అప్పగించుట. నమలునప్పుడు కణతపై కదలు కండరము గలదు గదా. దానికి ఆజ్ఞ నిచ్చునది ముఖనాడి కాదు, అయిదవ నాడి. హెరాల్డ్ గిలీస్ అను శస్త్రవైద్యుడు 1934 లో ఆ కండరపు భాగమును రెప్పలవరకు తెచ్చి కుట్టు పద్ధతిని ప్రకటించెను. పండ్లు బిగించినచో రెప్ప మూతపడును. రోగి తాంబూలము నమలినట్లు మాటిమాటికి దవడ బిగించి కన్నార్పుట నేర్చుకొనవలెను.

ఈ పద్ధతికి గొప్ప కార్యక్షేత్రమైనది మన దేశమే. ఏలయన కుష్ఠువ్యాధి మన దేశమున విస్తారముగ నుండెను. ఆ వ్యాధిబీజము చర్మమునకు దాపుననుండు నాడులను చెఱచును. ముఖనాడి కొమ్మ చెడి రెప్ప మూతపడదు. కొందఱిలో కంటికి స్పర్శ నిచ్చు నాడియు చెడును. అపుడు నలుసు పడినను తెలియదు, పుండు పడినను నొప్పి యుండదు. నొప్పి యుండవచ్చును, లేకపోవచ్చును అని సుశ్రుతుడు చెప్పిన మాటను ఇచ్చట మరల స్మరింపవలెను. రెండింటిలో నొప్పి లేనిదే ఎక్కువ భయంకరము. ఏలయన రోగి వైద్యుని వెదకడు.

మన తెలంగాణమున నిజామాబాదు దాపుననున్న డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 1915 లో కుష్ఠురోగులకు ఆసుపత్రి నెలకొల్పెను. అందులకు భూమి నిచ్చినవాడు రాజా నర్సాగౌడు. ఊరి పొలిమేర దాటింపబడినవారికి అచ్చట ఇల్లును, మందును, మనుష్యుల పలకరింపును దొరకెను. నాడు దొరకిన మందు చాలముగర జాతి గింజల నూనె మాత్రమే. అటుపిమ్మట 1946 లో వెల్లూరునకు వచ్చిన పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు, కుష్ఠురోగుల చేతులు కాళ్లు శిథిలమగుటకు మూలము స్పర్శ లేకపోవుటయే యని బోధించి, వంకరపోయిన వ్రేళ్లను సరిచేయు శస్త్రములు చేసెను. ఆయన భార్య మార్గరెట్ బ్రాండ్ ఆ రోగుల కన్నులను కాపాడుటకు తన జీవితమును వినియోగించెను. 1962 లో జాన్సన్ అను వైద్యుడు గిలీస్ పద్ధతిని కుష్ఠురోగుల రెప్పలకు తగినట్లు మార్చి ప్రకటించెను. హైదరాబాదున అమీరుపేటనుండి ఎఱ్ఱగడ్డ మీదుగా పోయిన వచ్చు కూకటపల్లిలో 1958 లో రాణీ కుముదినీదేవి శివానంద పునరావాస కేంద్రమును స్థాపించెను. ఈ పేర్లన్నియు ఏల చెప్పుచున్నాననగా, మూతపడని రెప్పకు దిక్కెవరని అడిగినపుడు మన గడ్డపైనే కొందఱు మేమున్నామని పలికిరని మీకు తెలియుటకు.

మూడవ ఉపాయమే నేటి ప్రసంగమునకు ముఖ్యవిషయము. మన పల్లెలలోని ఏతమును తలచుకొనుడు. ఏతపు మ్రాను ఒక కొనకు రాయి కట్టుదురు. మనుష్యుడు బొక్కెనను బావిలోనికి దించుటకు మాత్రమే బలము వినియోగించును. విడిచినచో రాయి బరువే నీళ్లను పైకి తెచ్చును. పైకెత్తువాడొకడు సజీవుడై యుండగా, దించుపనిని బరువునకు అప్పగింపవచ్చునను సూత్రము కంటిరెప్పకును వర్తించును. రెప్పనెత్తు కండరము బాగుగనే యున్నదని ముందు చెప్పితిని. కావున రెప్పలో చిన్న బరువు నుంచినచో, ఆ కండరము పట్టు వదలినంతనే రెప్ప తన బరువున తానే జారి కన్నును కప్పును. చూడదలచినపుడు కండరము మరల బరువుతోగూడ రెప్పను ఎత్తును. ఇందు నాడిని బాగుచేయుట లేదు, చచ్చిన కండరమును బ్రతికించుట లేదు. భూమి ఆకర్షణనే మూయువాని స్థానమున నిలిపినారు.

1950 లో షీహన్ అను వైద్యుడు ఇట్లు రెప్పలో లోహము నుంచు యత్నమును ప్రకటించెను. 1958 లో జర్మను వైద్యుడు ఇల్లిగ్ బంగారమును వాడెను. 1964 లో ఫ్రెంచి వైద్యులు మొరెల్ ఫాటియో, లలార్‌డ్రీ అను వారు సన్నని తీగ స్ప్రింగును రెప్పలో అమర్చు పద్ధతిని చెప్పిరి. 1972 లో ఆరియన్ అను నతడు రబ్బరువలె సాగు సిలికాను పట్టీతో కంటిచుట్టు బిగించు పద్ధతిని, 1973 లో జర్మనీలో మూల్‌బావర్ అను నతడు పై రెప్పలో నొకటి, క్రింది రెప్పలో నొకటి అయస్కాంతముల నుంచు పద్ధతిని ప్రకటించిరి. 1974 లో అమెరికాలో జోబ్ అను శస్త్రవైద్యుడు బంగారు పలకను అమర్చు విధానమును సులభముగను విశదముగను తెలుపగా, వీనియన్నిటిలో అదియే లోకమున హెచ్చుగ వ్యాపించెను. స్ప్రింగు పడుకొన్నపుడును పనిచేయును. కాని తీగ సడలుటయు విరుగుటయు గలదు, అమర్చుటకు నేర్పు మిక్కుటముగా కావలెను. బంగారు పలకలో కదలు భాగము లేదు. చెడుటకు ఏమియు లేదు.

బంగారమే యేల? స్వర్ణభస్మము సేవించిన ఆయువు పెరుగునని మన వైద్యులు చెప్పుదురు. అయితే ఇచ్చట బంగారమునకు ఔషధగుణ మేమియు అక్కరలేదు. దానికి కావలసిన గుణములు రెండే. ఒకటి, అది నీటికన్న 19 రెట్లు బరువైనది గనుక కొంచెపు చోటులో ఎక్కువ తూగును. రెండు, అది తుప్పు పట్టదు, శరీరపు రసములతో కలియదు. సీసమును బరువైనదే, కాని విషము. ఇనుమునకు తుప్పు, అయస్కాంత దోషము. నగలబంగారములో రాగి మొదలగునవి కలిసియుండును గావున అదియు పనికిరాదు. రెప్పకు కావలసినది కల్తీలేని 24 క్యారెట్ల మేలిమి. ఇంకను కొందఱి శరీరమునకు బంగారము పడదు. అట్టివారికి ప్లాటినము వాడుదురు. అది బంగారముకన్నను సాంద్రమగుటచే అదే బరువునకు పలక యింకను సన్నమగును. గొలుసువలె కూర్చిన ప్లాటినపు పలకలు రెప్ప వంపునకు అనుగుణముగా వంగును.

ఎంత బంగారము? సామాన్యముగా 0.6 గ్రాము మొదలు 1.8 గ్రాముల లోపు. పెక్కుమందికి 1.2 గ్రాముల ప్రాంతము సరిపోవును. పూర్వము కంసాలి తూచు గురిగింజ సుమారు 0.12 గ్రాము, 96 గురిగింజలు తులము. కావున ఒక మూతపడని కంటికి వలయునది పది గురిగింజల యెత్తు, తులములో ఇంచుమించు పదవ వంతు. మన ఆడపడుచుల ముక్కుపుడకకు పట్టునంత!

ఈ తూకమును ఊహించి నిర్ణయింపరు. శస్త్రమునకు ముందు రోగిని కూర్చుండబెట్టి, వేర్వేఱు బరువుల పలకలను రెప్పపై జిగురుతో అంటించి చూతురు. ఏ బరువున కన్ను మూతపడునో, తెరచినపుడు రెప్ప చూపునకు అడ్డము రాదో, ఆ బరువును స్థిరపరుతురు. తరువాత రెప్పకు తిమ్మిరిమందు ఇచ్చి, రెప్ప ముడుత పడుచోట చర్మమును సన్నగా కోసి, లోపలి గట్టి పలుకు ముందర చిన్న సంచివలె చోటుచేసి, పలకకుండు రంధ్రములగుండ దారము పోనిచ్చి కుట్టి నిలిపి, పైన మూయుదురు. కోత గీత రెప్ప ముడుతలో కలిసిపోవును. ముందు ముందు నాడి కోలుకొనినచో ఆ పలకను తీసివేయవచ్చును. తిరిగి మరలుటకు వీలున్న చికిత్స యగుట దీని గొప్పగుణములలో నొకటి.

దోషములును చెప్పుట ధర్మము. పడుకొనినపుడు ఆకర్షణ దిక్కు మారును గావున పలక పనిచేయదు. రాత్రి లేపనము రాసికొని, తల కొంచె మెత్తుగా నుంచుకొని పడుకొనవలెను. కొందఱిలో పలక ఎత్తుగా కనబడును. కొందఱిలో వాపు, చీము పట్టును. ఏండ్లు గడచిన పిదప చర్మమును చీల్చి వెలికి రావచ్చును. వేగముగా రెప్పలార్చు సహజశక్తి దీనివలన పూర్తిగా రాదు. క్రింది రెప్ప వ్రేలాడుచున్నచో దానికి వేఱు శస్త్రము కావలెను. అయినను కన్ను గ్రుడ్డిగాక నిలుచుట స్వల్పలాభము గాదు.

ఇక మన నగరమును గూర్చి రెండు మాటలు. అమీరు అను అరబ్బీ పదమునకు పేట యను మన పదము చేరి అమీరుపేట. పంజా అను పారసీక పదమునకు గుట్ట చేరి పంజగుట్ట. ఆ పేర్లలోనే రెండు నాగరకతల కలయిక కనబడుచున్నది. వీని చెంతనున్న బేగంపేటలో 1897 ఆగష్టు 20 న రొనాల్డు రాస్ దోమ కడుపులో చలిజ్వరపు బీజమును కనుగొనెను. పంజగుట్టయందు నిజాము ధర్మనిధి ఎముకల వ్యాధులకై నెలకొల్పిన ఆసుపత్రి క్రమముగా పెరిగి నిజాము వైద్యవిజ్ఞాన సంస్థయై, నాడుల వ్యాధులకును మెదడు శస్త్రములకును పేరుపడినది. దానికి దాపుననే, గుట్టమీది బంజారాహిల్సులో చలనచిత్ర నిర్మాత ఎల్. వి. ప్రసాదుగారి విరాళముతో 1980 దశకపు రెండవ సగమున వెలసిన నేత్రవైద్య సంస్థ గలదు. అచ్చట రెప్పల శస్త్రమునకు ప్రత్యేక వైద్యులున్నారు. ముఖనాడి చెడినవానికి మెదడు వైద్యుడును, చెవి వైద్యుడును, కంటి వైద్యుడును ముగ్గురును కావలెను. ఒక కోసెడు దూరము మించకుండ పెద్ద ఆసుపత్రులు కూడియుండుటవలన, పూర్వము పట్టణములు తిరిగిన రోగికి ఆ శ్రమ తప్పినది. ఆ దారిలోనే వరుసగా నగల అంగడులు దీపములతో వెలుగుచుండును. ఒక వీథిలో బంగారము మెడకు, చేతికి శోభగా అమ్ముడగుచుండ, ప్రక్క వీథిలో అదే లోహము ముక్కుపుడక యెత్తున ఒక కన్నును కాపాడుచున్నది. నాకు ఆ దారిని నడచునపుడెల్ల ఈ తలంపు కలుగుచుండును.

ఊరి పెద్దలైన మీకు ముఖ్యముగా చెప్పదలచినది ఇది. మూతి వంకరపోయినవారి కందఱకు బంగారము అవసరము లేదు. బెల్ పేరుగల పక్షవాతము పెక్కుమందికి కొన్ని వారములనుండి నెలలలో తనంతట తగ్గును. 2007 లో ప్రకటింపబడిన స్కాట్లండు వైద్యుల పరీక్షలో, 3 దినముల లోపల ప్రెడ్నిసొలోన్ అను మందు మొదలిడినవారిలో 9 నెలలకు నూటికి 94 మంది పూర్తిగ కోలుకొనిరి. ఆ మందు లేనివారిలో 82 మంది. కావున 3 దినములు అను మాటను మఱువకుడు. వాతలు పెట్టించుటలో గడచిన దినములు తిరిగి రావు. ఆ మందు వైద్యుడే ఈయవలెను. మధుమేహము మొదలగునవి యున్నవారికి అజాగ్రత్త పనికిరాదు. చేయి, కాలు గూడ పడిపోయినను, మాట తడబడినను అది మెదడు వ్యాధి కావచ్చును. గంటలు లెక్కించుకొని ఆసుపత్రికి పరుగెత్తవలెను.

ఈలోపల కంటిని కాచుట ఇంటివారి చేతిలో పని. పగలు వైద్యుడు చెప్పిన కన్నీటి చుక్కలు, రాత్రి లేపనము, రెప్పను మెల్లగా మూసి ప్లాస్టరు పట్టీ, వెలికి పోవునపుడు అద్దములు. కన్ను ఎఱ్ఱబడినను, చూపు మసకబారినను ఆలస్యము పనికిరాదు. చెవినుండి చీము కారువానికి ముఖము వంకరపోయినచో అది వెంటనే చూపవలసినది. చర్మముపై స్పర్శలేని మచ్చ యున్నదేమో చూచుట మఱువరాదు. కుష్ఠునకు 1980 దశకమునుండి పలుమందుల కలగలుపు చికిత్స ఉచితముగా లభించుచున్నది. అది నయమగు వ్యాధి. 2005 డిసెంబరునకు దేశమున అది ప్రజారోగ్య సమస్యగా తొలగినదని ప్రకటించిరి గాని, నేటికిని ఏటేట లక్ష ప్రాంతమున క్రొత్త రోగులు మన దేశమున కనబడుచున్నారు. మూయని కన్నుగల మనుష్యుని చూచి పిల్లలు పరిహసించినచో వారిని వారింపవలసినవారు మీరు. ఆతడు ఇంటిలో దాగియుండినచో వైద్యుని వద్దకు పంపవలసినవారును మీరు.

మహాజనులారా, సుశ్రుతుడు అసాధ్యమని వ్రాసిన పుటను చింపవలసిన పని లేదు, ఆనాటికది సత్యము. ఆయన లక్షణము చెప్పెను, బెల్ నాడిని చూపెను, జర్మను వైద్యుడు బంగారము నుంచెను, వెల్లూరులోను, డిచ్‌పల్లిలోను రోగిని ముట్టుకొనుటకు వెఱవనివారు సేవ చేసిరి. ఇందఱి శ్రమ నేడు ఒక పది గురిగింజల యెత్తులో ఒదిగియున్నది. అయితే ఆ పలక తనంతట తాను పల్లెకు నడచి రాదు. రోగిని దానివద్దకు చేర్పవలసినది మనము. మీ యూరిలో అట్టివాడున్నచో, రేపటి ఉదయమే అతని కన్ను చూడుడు.